నైనీతాల్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేటోళ్లు ఇది చదివినంకనే కట్టండి

దసరా సెలవులకు పాలమూరు నుంచి నైనీతాల్ పోదామనుకునేటోళ్ల కోసం రాస్తున్న. మొన్న మే నెలల మేం నలుగురం పోయొచ్చినం. ఊరి తప్పేం లేదు. మోసం చేసింది ఇక్కడ, మన టౌన్ల కూసున్న ట్రావెల్స్ ఆయన.

ఈ ప్రయాణం మా అమ్మ కోసం పెట్టుకున్నం. ఏటా ఆలంపురం జోగుళాంబకు పోతది. అది సతీదేవి పైపళ్లు పడ్డ చోటు. కళ్లు పడ్డ చోటు నైనీతాల్ అని ఎవరో చెప్పినప్పటి సంది "ఆ నైనాదేవిని గూడ ఒక్కసారి చూపియ్‌రా" అని ఒకటే పోరు.

అందుకే ఏజెంటుకు ముందే చెప్పిన: "అన్నా, అమ్మకు మోకాళ్ల నొప్పులు. చెరువు ఒడ్డునే రూమ్ కావాలె, గుడికి నడిచిపోయేటట్టు ఉండాలె." "లేక్ వ్యూనే తమ్మీ, కిటికీ తీస్తే నీళ్లే" అన్నడు. ఫోన్ల ఫొటో గూడ చూపిచ్చిండు. నలుగురికి 72,000. అందుల 50,000 అప్పుడే ఫోన్‌పే చేసిన, అది గూడ ఆయన సొంత నంబర్‌కు. వాట్సాప్‌ల ఒక కాగితం పంపిండు: "నైనీతాల్, 3 రాత్రులు, లేక్ వ్యూ హోటల్ లేదా దానికి సమానమైనది." ఆ చివరి ముక్కను నేను పట్టిచ్చుకోలే.

కాఠ్‌గోదాంల రైలు దిగినం. అక్కడికెళ్లి నైనీతాల్ 34 కిలోమీటర్లు. జ్యోలికోట్ కాడ బండి నైనీతాల్ రోడ్డు ఇడిచిపెట్టి ఇంకో దిక్కు మళ్లింది. చివరికి ఒక హోటల్ ముందట ఆగింది. బోర్డు మీద ఊరి పేరు చూస్తే భవాలీ. నైనీతాల్‌కు 11 కిలోమీటర్ల అవతల ఉండే వేరే ఊరు, అక్కడ చెరువే లేదు. కిటికీ తీస్తే సిమెంటు గోడ, దానికి ఆనిచ్చి పెట్టిన రెండు గ్యాస్ సిలిండర్లు. రగ్గులన్నీ చెమ్మ వాసన. అమ్మ సంచి గూడ ఇప్పకుంట మంచం అంచుకు కూసోని "చెరువేదిరా?" అని అడిగింది. నాకు నోట మాట రాలే.

ఫోన్ చేస్తే ఆయన జవాబు: "భవాలీ గూడ నైనీతాల్ జిల్లానే కద తమ్మీ!" ఊరిదీ జిల్లాదీ ఒకటే పేరు, ఆ సందుల దూరిండు. మహబూబ్‌నగర్ల రూమ్ అని చెప్పి జడ్చర్లల దించితే మనం ఊకుంటమా?

తెల్లారి సొంత పైసలతోని టాక్సీ మాట్లాడుకున్నం. సీజన్ల పార్కింగ్ నిండితే బయటి బండ్లను ఊరి బయటనే ఆపి షటిల్ బండ్లల్ల పంపుతరు. మాకూ అదే అయింది. ఎండల రెండు గంటలు లైన్ల నిలబడ్డం. షటిల్ తల్లీతాల్ల దించింది, గుడేమో చెరువుకు అవతలి కొస, మల్లీతాల్ల. అమ్మ నా భుజం పట్టుకోని మాల్ రోడ్డు పొడుగునా నడిచింది, నాలుగు అడుగులకొకసారి రెయిలింగ్ పట్టుకోని ఆగుకుంట. దర్శనం అయితే అయింది. కానీ ఆ రాత్రి మోకాళ్లు ఇంతింత ఉబ్బినయి. ప్యాకేజీల ఉన్నదన్న రోప్‌వే టికెట్ గూడ మేమే కొనుక్కున్నం.

ఎవరికి పైసలు కట్టినా ముందు హోటల్ పేరు, ఊరి పేరు కాగితం మీద రాయించుకోండి. తల్లీతాలా, మల్లీతాలా అని గూడ అడగండి. తర్వాత మీరే హోటల్‌కు ఫోన్ చేసి, మీ పేరు మీద బుకింగ్ ఉన్నదా అని కనుక్కోండి. "సమానమైనది" అన్న మాట కనిపిస్తే కొట్టేయించండి. పైసలు కంపెనీ ఖాతాకే వేసి, జీఎస్టీ బిల్లు తీసుకోండి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసిన. పైసలు రాకపోతే వినియోగదారుల కమిషన్ల కేసు వేస్త. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలనే వేయొచ్చు, నైనీతాల్ దాకా తిరిగే పని లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, గడువు రెండేండ్లు. భవాలీ అడ్రస్ ఉన్న హోటల్ బిల్లు, టాక్సీ చిట్టీలు, ఆ వాట్సాప్ కాగితం అన్నీ దాచిపెట్టిన.

నిన్న ఆయన దసరా బ్యాచ్ అని స్టేటస్ పెట్టిండు. నాకు చూపిచ్చిన ఫొటోనే, అదే చెరువు, అదే కిటికీ. ఆ ఫొటో చూసి అడ్వాన్స్ కట్టినోళ్లు ఎవరన్న ఉంటే, ఈ పొద్దే హోటల్ పేరు అడగండి.