రంగం కథ చదవాలంటే సునీల్ అమృతా, థాంట్ మ్యింట్-ఊనా?

మా ఊళ్ళో ముసలివాళ్ళు బర్మాలోని రంగూన్‌ని ఇప్పటికీ రంగం అనే అంటారు. మా ముత్తాత కూడా రంగం వెళ్ళొచ్చినవాడే గానీ ఇంట్లో ఆయన గురించి మిగిలింది రెండు ముక్కలే: ఓడెక్కాడు, 1942లో (జపాన్ బర్మా మీద పడ్డప్పుడు) నడిచొచ్చాడు. మధ్యలో ఏం జరిగి ఉంటుందో తెలుసుకుందామని రెండు ఇంగ్లీషు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి సునీల్ అమృత్ రాసిన 'క్రాసింగ్ ద బే ఆఫ్ బెంగాల్' (2013), రెండోది థాంట్ మ్యింట్-ఊ రాసిన 'ద రివర్ ఆఫ్ లాస్ట్ ఫుట్‌స్టెప్స్' (2006).

చదివించడంలో థాంట్‌దే పైచేయి. ఆయన తాత ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా చేసిన ఊ థాంట్. 1974లో ఆ తాత శవపేటిక రంగూన్‌కి వస్తే సైనిక ప్రభుత్వం మర్యాదలేవీ చేయకపోవడం, విద్యార్థులు పేటికని ఎత్తుకుపోయి యూనివర్సిటీలో పెట్టుకోవడం, చివరికి సైన్యం క్యాంపస్‌లోకి దూసుకొచ్చి దాన్ని లాక్కుపోవడం, అప్పటికి మనవడికి ఎనిమిదేళ్ళు. 1885లో బర్మా ఆఖరి రాజు థీబాని బ్రిటిష్‌వాళ్ళు దించేసి మన రత్నగిరికి పంపిన కథ కూడా ఇంటి ముచ్చటలాగే చెప్తాడు. చిక్కల్లా అది పెద్దింటి కిటికీలోంచి కనబడే బర్మా. రేవులో మూటలు మోసిన కోరంగివాడు (కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళని అలాగే పిలిచేవారు) అందులో దారిన పోయే మనిషే.

అమృత్ పుస్తకం మొదట్లో బరువు. రుతుపవనాలు, ఓడలు, లెక్కలు. 1840-1940 మధ్య దాదాపు 2.8 కోట్లమంది బంగాళాఖాతం అటూ ఇటూ దాటారన్న దగ్గర నేను పుస్తకం మూసి టీ పెట్టుకున్నాను. కానీ ఆ లెక్కల వెనకే మేస్త్రీ ఉన్నాడు. అడ్వాన్సిచ్చి ఓడెక్కించి, అప్పు తీరేదాకా కూలీని గుప్పిట్లో పెట్టుకునేవాడు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు, సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నారు, దాంతో కొట్లాటలు, చావులు. ఎవరి కూడు ఎవరు లాక్కున్నట్టో తేల్చడం కష్టం. మా ఇంట్లో మాత్రం 'బర్మావాళ్ళు తరిమేశారు' అని ఒక్కమాటలో తేల్చేశారు. తమిళులు, మలయా తోటలు ఎక్కువ, మనవాళ్ళు తక్కువ అన్నదొక్కటే నా అసంతృప్తి.

రోహింగ్యాల సంగతి కావాలంటే థాంట్‌దే 2019 నాటి 'ద హిడెన్ హిస్టరీ ఆఫ్ బర్మా' ఉంది, కాకపోతే 2021 సైనిక కుట్రకి ముందే ఆగిపోతుంది.

మీ ఇంట్లో రంగం మనిషి ఉంటే అమృత్ కొనండి, ఓపిక పట్టండి. లేకపోతే థాంట్‌తో మొదలెట్టండి, పడుకుని చదువుకోవచ్చు. మేస్త్రీల గురించి చదివింది నాయనమ్మకి చెప్తే, "అయితే మా నాన్న ఆ అప్పు తీర్చే వచ్చాడంటావా, ఎగ్గొట్టి వచ్చాడంటావా?" అని అడిగింది.