కింది అరలో దొరికిన లెకితోస్, ఆక్స్‌ఫర్డ్ వారి కుండల డేటాబేస్

నేను చదువుకుంటున్న విశ్వవిద్యాలయానికి ఒక చిన్న మ్యూజియం ఉంది. అక్కడ వారానికి ఒక పూట వాలంటీరుగా పనిచేస్తున్న నాకు, కింది అరలో ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న జానెడు మట్టి పాత్రను అప్పగించి, దాని గురించి తెలుసుకున్నది రాయమన్నారు. దాని కార్డు మీద ఉన్నవి 'గ్రీకు నూనె పాత్ర' అనే మూడు మాటలే. ఆ పనికి రెండు నెలలు వాడిన, ఆక్స్‌ఫర్డ్ వారి బీజ్లీ ఆర్కైవ్ పురాతన గ్రీకు కుండల డేటాబేస్‌పై ఈ సమీక్ష.

ఈ ఆర్కైవ్‌కు పేరిచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు జాన్ బీజ్లీ (1885–1970) ఏథెన్స్ కుండల మీది బొమ్మల్లో చెవిని గీసిన తీరు, చీలమండ వంపు, బట్ట మడత వంటి చిన్న అలవాట్లను పట్టుకుని, ఏ కుండ ఏ చేతి పనో వేల సంఖ్యలో విడదీశారు. చాలామంది చిత్రకారుల అసలు పేర్లు తెలియవు గనుక కొత్త పేర్లు పెట్టారు. బెర్లిన్‌లో ఉన్న ఒక కూజాను బట్టి ఒకాయన 'బెర్లిన్ పెయింటర్' అయ్యాడు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే గనుక ఈ పద్ధతి నాకు వింతగా తోచలేదు.

లక్షకు పైగా కుండల వివరాలున్న ఈ డేటాబేస్‌ను రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఆకారం లెకితోస్ (సన్నని మెడ ఉన్న నూనె పాత్ర), పద్ధతి బ్లాక్ ఫిగర్ (ఎర్రమట్టి మీద నల్లని బొమ్మలు) అని అడిగితే వేల నమోదులు వచ్చిపడ్డాయి. మా పాత్ర మీద ఉన్నట్టే రథం బొమ్మ అనీ, క్రీ.పూ. 500–450 మధ్య కాలమనీ జోడించాక జాబితా చదవగలిగినంతకు తగ్గింది. మా పాత్రకు దగ్గరగా కనిపించినవన్నీ హైమాన్ పెయింటర్ అని పిలిచే ఏథెన్స్ చిత్రకారుడి బృందానికి చెందినవి. సమాధుల్లో ఉంచేందుకు కూడా కొనుక్కున్న చవక సరుకు అది. మా రథానికి గుర్రాలు నాలుగు, కాళ్ళు మాత్రం ఎంత లెక్కపెట్టినా పదహారు రాలేదు.

ఈ సేవలో నాకు అన్నిటికంటే ఉపయోగపడినది 'కార్పస్ వాసోరుమ్ ఆంటిక్వోరుమ్' సంపుటాలు. 1922 నుంచి వివిధ దేశాల మ్యూజియంలు తమ కుండలను వర్ణిస్తూ వెలువరిస్తున్న ఈ సంపుటాల్లో పాతవి చాలావరకు స్కాన్ చేసి అందుబాటులో ఉంచారు. బొమ్మ ఒకేలా కనిపించినా పాత్ర మూతి, పాదం, భుజం వంపు వేరుగా ఉంటే అది వేరే పనివాడిది కావచ్చునని నాకు తెలిసింది ఆ పుటలను పక్కన పెట్టుకుని కొలిచినప్పుడే.

పరిమితులూ ఉన్నాయి. అన్ని నమోదులకూ ఫొటోలు లేవు. ప్రధానంగా ప్రచురణల ఆధారంగా కూర్చినది గనుక, ఎక్కడా అచ్చుకెక్కని మా పాత్ర వంటిది అందులో కనిపించకపోవడం సహజమే. పైగా 'హైమాన్ బృందం' అనేది తొందరపనిగా గీసిన లెకితోస్‌లు ఎన్నో చేరిన పెద్ద గంప; పేరు దొరికింది కదా అని పరిశోధన ముగిసిందనుకోకూడదు. పాత్ర ఏ సమాధిలోంచి, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి చేరిందన్న ప్రశ్నకు పోలికలు జవాబివ్వవు. అమరావతి శిల్పాలు లండన్‌కు చేరిన సంగతి తెలిసిన తెలుగువారికి ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో విడమరచి చెప్పనక్కరలేదు. ఆ జవాబు కోసం మ్యూజియం పాత ఉత్తరాలనూ, దానపత్రాలనూ తిరగేయవలసిందే.

తొలిసారి వాడేవారు లెకితోస్, కైలిక్స్ (తాగే గిన్నె), ఆంఫోరా (రెండు పిడుల కూజా) వంటి ఆకారాల పేర్లు ముందే నేర్చుకోవాలి. నచ్చిన ప్రతి నమోదు సంఖ్యనూ అప్పటికప్పుడే రాసిపెట్టుకోవాలి. ఆ పని చేయక మొదటి వారమంతా వెతికినదే వెతికాను.