క్యాండిల్‌స్టిక్ చార్టులు మలుపును పట్టిస్తాయా? ఏళ్ల తరబడి వాడాక నా మాట

షేర్ల ధర దిశ మారే మలుపును పట్టిస్తాయి. కాకపోతే రోజువారీ, వారపు చార్టుల్లోనే, అదీ మర్నాటి క్యాండిల్ ఔనన్నాకే. ఒక్కో క్యాండిల్ ఒక రోజు, వారం లేదా కొన్ని నిమిషాల ధరల బొమ్మ: మొదలైన ధరకూ ముగిసిన ధరకూ మధ్య భాగం ఒళ్లు, దాన్ని దాటి ధర తాకిన మేర తోక, మొదలైన చోటికంటే కింద ముగిస్తే ఎర్ర క్యాండిల్. ఐదు నిమిషాల చార్టులో అవే ఆకారాలను నమ్ముకుని డబ్బు పెట్టవద్దని కూడా అంతే గట్టిగా చెబుతాను.

నాది పర్లాకిమిడిలో బియ్యం టోకు వ్యాపారం. మార్కెట్ నడిచే వేళల్లో కొట్లో తలెత్తే తీరిక ఉండదు. రాత్రి కొట్టు కట్టేశాకే చార్టు తెరుస్తాను. రోజు క్యాండిల్ పూర్తయ్యాక చూడటం అలా అలవాటైంది, అది మేలే చేసింది. ఈ పద్ధతి పుట్టినిల్లు కూడా బియ్యం బజారే. ఒసాకాలోని డోజిమా బజారులో బియ్యం ముందస్తు బేరాలకు 1730లోనే ప్రభుత్వ అనుమతి దొరికింది. క్యాండిల్ పద్ధతికి ఆద్యుడిగా సకాటాకు చెందిన హొమ్మా మునెహిసా అనే బియ్యం వర్తకుడి పేరు చెబుతారు. కోతల రోజుల్లో ధాన్యం ధర జారుతూ జారుతూ ఒకచోటికి వచ్చేసరికి మిల్లర్లు ఎగబడి కొంటారు, సాయంత్రానికి ధర మళ్లీ పొద్దుటి చోటికి చేరుతుంది. హ్యామర్ అనే క్యాండిల్ కింద కనిపించే పొడవాటి తోక నాకు సరిగ్గా అలాగే అర్థమైంది.

ఆకారం కంటే చోటు ముఖ్యం. చిన్న ఒళ్లు, దానికి రెండింతలకు తగ్గని కింది తోక: బాగా పడిన ధర అడుగున వస్తే అది హ్యామర్, కొనేవాళ్లు వచ్చారని గుర్తు. అదే ఆకారం బాగా పెరిగిన ధర కొసన వస్తే హ్యాంగింగ్ మ్యాన్, జాగ్రత్త పడమని గుర్తు. అందుకే ముందు వారపు చార్టులో పాత సపోర్టులు (ధర పడుతూ ఆగిన చోట్లు), రెసిస్టెన్సులు (పెరుగుతూ ఆగిన చోట్లు) గీసుకుంటాను. ధర ఆ గీతల దగ్గర లేకపోతే ఎంత అందమైన ఆకారం వచ్చినా పట్టించుకోను.

మర్నాటి క్యాండిల్ విలువ ఏమిటో తెలియాలంటే 2020 మార్చి నిఫ్టీ (షేర్ల సూచీ) చార్టు తెరిచి చూడండి. 13వ తేదీ ఉదయం సూచీ పది శాతం పడి సర్క్యూట్ (ధర కదలిక హద్దు) తగిలింది, ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. 8,555 దాకా దిగిన నిఫ్టీ అక్కడి నుంచి లేచి 9,955 దగ్గర ముగిసింది. ముందురోజు ఎర్ర క్యాండిల్‌లో సగానికి పైగా ఎక్కేసింది. పుస్తకంలో గీసినట్టున్న పియర్సింగ్ లైన్ అనే మలుపు ఆకారం అది! కానీ సోమవారం, 16న, ఆ క్యాండిల్ శిఖరాన్ని దాటడం అటుంచి మళ్లీ పెద్ద ఎర్ర క్యాండిల్ పడింది. 23న సూచీ 7,610కి చేరింది. 24న 7,511ను తాకి 7,801 దగ్గర ముగిసింది. ఆ రోజు మొదలైన ధరకూ ముగిసిన ధరకూ పెద్ద తేడా లేదు, క్యాండిల్ దాదాపు ఒళ్లు లేని డోజీలా ఉంది. చూడటానికి 13వ తేదీ క్యాండిల్ ముందు ఇది వెలవెలబోతుంది. అయినా 25న ధర దాని శిఖరాన్ని దాటి 8,317 దగ్గర ముగిసింది. నిఫ్టీ మళ్లీ 7,511 ముఖం చూడలేదు. మొదటిది ఒట్టి ఆశ, రెండోది నిజమైన మలుపు. ఆ రెంటినీ విడదీసింది మర్నాటి క్యాండిలే.

బరంపురంలో చదువుకుంటున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఫోను ముందు పెట్టి, "మామయ్యా, ఐదు నిమిషాల చార్టులో హ్యామర్ పడింది, ఆప్షన్ కొననా?" అని అడిగాడు. "కాసేపు ఆగరా, అదే చార్టులో ఇవాళ ఎన్ని హ్యామర్లు పడ్డాయో లెక్కపెట్టు," అన్నాను. పొద్దుటి నుంచి వచ్చిన వాటిని వేలితో చూపిస్తూ పోయాడు. సగానికి పైగా వాటి తర్వాత ధర ఇంకా కిందికే పోయింది. ఈ వయసు పిల్లల గురించే నా బెంగ. షేర్లు, సూచీల ధరల మీద ముందస్తు ఒప్పందాలైన ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో 2021-22 నుంచి 2023-24 వరకు వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో లెక్క తేల్చింది. హ్యామర్, డోజీ చూపించి రోజువారీ ఆదాయం వస్తుందని ఆశపెట్టేవాళ్లు ఆ లెక్క మాత్రం చూపించరు.

ఇక శిఖరాల సంగతి. ధర దిగబోతోందని చెప్పే షూటింగ్ స్టార్, ఈవెనింగ్ స్టార్, ఎర్ర ఎన్‌గల్ఫింగ్ ఆకారాలు నాకు అడుగుల దగ్గరి ఆకారాలంత నమ్మకంగా పనిచేయలేదు. భయం ఒక్క రోజులో తెగుతుంది, ఆశ వారాల తరబడి సాగుతుంది, కారణం అదే కావచ్చు. పైన ఆ ఆకారాలు కనిపిస్తే చేతిలో ఉన్నదాంట్లో కొంత అమ్ముతాను, పడుతుందని ఎదురు పందెం మాత్రం వేయను. వాల్యూమ్ (చేతులు మారే షేర్ల సంఖ్య) లేని చిన్న షేర్లలో ఏ ఆకారాన్నీ లెక్కచేయను. రోజంతా సర్క్యూట్‌లో బిగుసుకున్న షేరు కూడా డోజీలాగే కనిపిస్తుంది, అక్కడ బేరమే జరగలేదు.

ధర ఎంతదాకా పోతుందో క్యాండిల్ చెప్పదు. ఎక్కడ నా అంచనా తప్పవుతుందో మాత్రం స్పష్టంగా చెబుతుంది: ఆ తోక కొస. స్టాప్ లాస్ (నష్టం పెరగకుండా అమ్మేసే ధర) దానికి కాస్త కింద పెడతాను. తోక మరీ పొడవై నష్టం నా లెక్క దాటేలా ఉంటే కొనే షేర్ల సంఖ్య తగ్గిస్తాను, స్టాప్‌ను పైకి జరపను.