టాహో ట్రిప్‌కి మస్టాంగ్: వింటర్ టైర్లా, చైన్లా?

బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) నుంచి జనవరిలో మంచు కొండల్లోని టాహో సరస్సుకి వెళ్ళేవాళ్ళు, ఫోర్డ్ మస్టాంగ్ జీటీ లాంటి రియర్ వీల్ డ్రైవ్ (ఇంజన్ శక్తి వెనక చక్రాలకే వెళ్ళే) బండైతే ముందు ఆ సమ్మర్ టైర్లు తీసేయండి, 7 డిగ్రీల సెల్సియస్ కిందకెళ్తే రబ్బరు గట్టిపడి మంచు లేకపోయినా గ్రిప్ తగ్గిపోద్ది. వింటర్ టైర్లైతే బ్రేకు, మలుపు, పొద్దున్నే గడ్డకట్టిన రోడ్డు అన్నిట్లో పట్టు ఉంటుంది, కాకపోతే నాలుగూ మార్చాలి, ఖర్చు గట్టిగానే. మంచులో టైర్లకి చుట్టే చైన్లు చవక, కానీ గంటకి 50 కిలోమీటర్లు దాటకూడదు, మంచు అయిపోగానే విప్పాలి, పైగా ఈ బండికి టైరు చుట్టూ సందు తక్కువ, క్లాస్ ఎస్ (తక్కువ సందులో పట్టే) రకమే చూడాలి. నా ఓటు టైర్లకే. అయినా టాహో దారిలోని ఐ-80 హైవే మీద ఆర్2 (మంచు పడ్డప్పుడు పెట్టే రెండో స్థాయి చైన్ల రూల్) పెడితే మస్టాంగ్ లాంటి టూ వీల్ డ్రైవ్ బండికి వింటర్ టైర్లున్నా చైన్లు తప్పవు, అందుకే డిక్కీలో పెట్టుకోండి, ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూసుకోండి ప్లీజ్.