మజ్జ మార్పిడికి ముందు: టీబీఐ మేలా, బుసల్ఫాన్ మేలా?

టీబీఐ ఒక రేడియేషన్ చికిత్స, బుసల్ఫాన్ ఒక కీమో మందు. రెండింటి పనీ ఒకటే. పాత రక్త మూలకణాలను తుడిచేసి దాత కణాలకు చోటు చేయడం. కానీ ఆ కణాలు వచ్చి కుదురుకోవాల్సింది రోగి మజ్జలోనే. మార్పిడి అయ్యాక కూడా అక్కడి స్ట్రోమా కణాలు (మూలకణాలకు ఆసరాగా, గూడులా ఉండే కణాలు) చాలామటుకు రోగివే. కాబట్టి ఎంత చంపింది అన్నదే కాదు, ఎలాంటి గూడు మిగిల్చింది అన్నదీ చూడాలి.

టీబీఐ అంటే ఒళ్లంతా రేడియేషన్. మామూలుగా 12 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం): 2 గ్రే చొప్పున రోజుకు రెండుసార్లు, కనీసం 6 గంటల ఎడంతో, మూడు రోజులు. ఊపిరితిత్తులకు అడ్డుపెట్టి అక్కడ డోసు తగ్గిస్తారు. గూట్లో గట్టి దెబ్బ తగిలేది సైనుసాయిడ్లకు. ఇవి పలచని గోడల రక్తనాళాలు, అవి చెడితే రక్తం మజ్జలోకి కారుతుంది. స్ట్రోమా కణాలు అంత తేలిగ్గా చావవు గానీ, కొన్ని కొవ్వు కణాలుగా మారిపోతాయి. విచిత్రమేమిటంటే, మూలకణాలను మజ్జలోకి పిలిచే సీఎక్స్‌సీఎల్12 అనే ప్రొటీన్ ఎలుకల్లో రేడియేషన్ తర్వాత మొదటి ఒకట్రెండు రోజులు పెరుగుతుంది. సైనుసాయిడ్లు తిరిగి మొలవకుండా, నాళాలు పెరగడానికి కావలసిన వీఈజీఎఫ్ఆర్2 అనే గ్రాహకాన్ని తీసేస్తే మాత్రం రక్తం కోలుకోదు.

ఈ మోతాదు నుంచి గూడు తేరుకుంటుంది. వెన్నెముకకు 40 గ్రే పడితే కథ వేరు. కొవ్వును తెల్లగా చూపే ఎంఆర్‌ఐ టీ1 చిత్రంలో ఆ పూసలు తెల్లగా, కొవ్వుగా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

బుసల్ఫాన్‌ను సిర ద్వారా ఒంటి బరువులో కిలోకు 0.8 మి.గ్రా. చొప్పున 6 గంటలకోసారి, మొత్తం 16 డోసులు ఇస్తారు. విభజన చెందకుండా ఊరికే కూర్చున్న మూలకణాన్నీ అది వదలదు. లింఫోసైట్ల (రోగనిరోధక తెల్లకణాల) మీద మాత్రం బలహీనం, అందుకే వాటిని అణిచే ఫ్లుడారాబిన్ లాంటి మందు తోడు కావాలి. ఒంట్లో మందు నిలిచే తీరు మనిషి మనిషికీ మారుతుంది. రక్తంలో స్థాయి కొలవకుండా ఇస్తే, తక్కువైతే దాత కణాలు నిలవవు, ఎక్కువైతే కాలేయంలోని సన్న నాళాలు పూడుకుపోతాయి. ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ ముందే మొదలుపెట్టాలి.

నాలుగేళ్లు దాటిన ఏఎల్ఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) పిల్లలకు మా ఓటు టీబీఐకే. 2021లో వెలువడ్డ ఫోరమ్ ట్రయల్‌లో రెండేళ్లకు బతికున్నవారు టీబీఐతో 91 శాతం, కీమోతో 75 శాతం. బదులుగా కంటి శుక్లాలు, ఎదుగుదల లోపం, సంతానలేమి, రెండో క్యాన్సర్ ముప్పు ఉంటాయి. అంతకన్నా చిన్నపిల్లలకు, మెదడు ఇంకా ఎదుగుతుంటుంది గనుక, కీమోయే. తలసీమియాలో చంపాల్సిన క్యాన్సరే లేదు, అక్కడ 12 గ్రే దండగ. ఫాంకోనీ అనీమియాలో డీఎన్‌ఏ మరమ్మతే చెడి ఉంటుంది, రెండింటిలో ఏదీ పూర్తి మోతాదులో ఇవ్వకూడదు.