యోగ్యకర్తలో ఒక ఈడువాళ్లం, పెనాంగ్‌లో కాదు

ఇండోనేషియా, మలేషియాలలో గడిపిన పన్నెండు రోజులలో నాకు బాగా నచ్చిన బస ఇండోనేషియాలోని జావా దీవిలో, యోగ్యకర్త నగరపు ప్రావిరోతామన్ పేటలో ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టే. గది ఇరుకు, వేడినీళ్లు సన్నటి ధార. అయినా కొబ్బరిపాలలో ఉడికించిన లేత పనసకాయ గుదెగ్ వడ్డించి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పే యజమాని ఉన్నచోట ఆ లోపాలను నేను పట్టించుకోలేదు. మొదటి ఉదయమే ఆయన నా వయసు అడిగి, నలభై ఏడని వినగానే "కితా సెబాయ" అన్నాడు, మనిద్దరిదీ ఒకే ఈడని. 'సె' అంటే ఒకే. 'బాయ' మన 'వయసు'కు మూలమైన సంస్కృత 'వయస్' నుంచే అక్కడికి చేరింది. 'సెఉమూర్' అన్నా అదే అర్థమని, 'ఉమూర్' అరబ్బీ మాటని ఆయనే చెప్పాడు; హైదరాబాదులో వినిపించే 'ఉమర్' అదే.

నేను నమ్మలేదనుకున్నాడేమో, గుర్తింపు కార్డు తీసి పుట్టిన తేదీ చూపించాడు. అడుగున చెల్లుబాటు గడువు దగ్గర 'సెఉమూర్ హిదుప్' అని ఉంటే, ఈ కార్డు మీ ఈడువాళ్లు ఉన్నంతకాలమే చెల్లుతుందా అని అడిగాను. ఆయన పడిపడి నవ్వాడు. పక్కన 'హిదుప్' చేరితే 'జీవితాంతం' అని అర్థమట. ఇంత చనువు కుదిరినా నన్ను పిలిచింది మాత్రం 'మాస్' అనే, అంటే జావా భాషలో అన్న.

దగ్గరలోని బౌద్ధ స్తూపం బొరొబుదూరుకు తీసుకెళ్లిన డ్రైవరు అక్కడి గైడును 'సెఅంగ్‌కాతన్' అని పరిచయం చేశాడు. వయసులో అయిదేళ్ల తేడా ఉన్నా ఒకే ఏడాది పనిలో చేరినవారు. మనం 'ఒకే బ్యాచ్' అన్నట్టు.

కౌలాలంపూర్ నుంచి బటర్‌వర్త్‌కు రైలు ప్రయాణం హాయిగా సాగింది. అక్కడినుంచి పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్‌కు పడవలో వెళుతుంటే, కొందరు విద్యార్థుల చొక్కాల వీపున 'పెంబింబింగ్ రకన్ సెబాయ' అని కనిపించింది. మలేషియా బడులలో తోటి పిల్లలకు సలహా చెప్పి అండగా నిలిచే విద్యార్థులు వీరు. ఈడు స్నేహితులను ఇండోనేషియాలో 'తెమన్ సెబాయ' అంటే ఇక్కడ 'రకన్ సెబాయ' అంటారు.

జార్జ్‌టౌన్ బసలో కిటికీ ఉన్న గదికి డబ్బు తీసుకుని కిటికీ లేనిది ఇచ్చి, మరునాడు గాని మార్చలేదు. శుభ్రత, ఏసీ యోగ్యకర్తకన్నా మేలే. కౌంటర్ దగ్గరి మనిషి మూడు రోజులూ 'ఎంచిక్', అంటే 'అయ్యా', అనే మర్యాద దాటలేదు, వయసూ అడగలేదు. గది ఖాళీ చేస్తూ ఉండబట్టలేక "కితా సెబాయ?" అని నేనే అడిగితే, ఆయన నాకన్నా పదకొండేళ్లు చిన్నవాడని తేలింది. నా సంచి వీధి మలుపుదాకా మోసి, "జాగ్రత్త, అబాంగ్" అని సాగనంపాడు. 'అబాంగ్' అంటే మలయ్‌లో అన్న.