బి.వి.ఎస్సీ. తర్వాత ఏది మేలు: ఇక్కడ ఎం.వి.ఎస్సీ.నా, అమెరికాలో ఎం.ఎస్.నా?

పశువైద్య డిగ్రీ బి.వి.ఎస్సీ.లో ఇంటర్న్‌షిప్ చివరి నెలల్లో ఉన్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పశుపోషణ, పశు ఆహారం, పశు జన్యుశాస్త్రం లాంటి ఉత్పత్తి విభాగాల్లో పైచదువు చదవాలనుకునేవాళ్లకు రెండు దారులు కనిపిస్తాయి. తిరుపతి, హైదరాబాద్ వెటర్నరీ యూనివర్సిటీల్లోనో, ఐ.సి.ఎ.ఆర్. (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్ష రాసి ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ లాంటి చోటో, పశువైద్యంలో పీజీ అయిన ఎం.వి.ఎస్సీ. చేయడం ఒకటి. అమెరికాలో యానిమల్ సైన్స్‌లో ఎం.ఎస్. చేయడం రెండోది. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన ఊళ్ల గేదె, గొర్రె, పెరటి కోడి మీద పని చేయాలనుకునేవాళ్లు ఎం.వి.ఎస్సీ. ఇక్కడే చేయాలి, ఆ తర్వాత కావాలంటే పీహెచ్‌డీకి బయటికి వెళ్లాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అన్నిటికన్నా ముందు ఒక అపోహ పోవాలి. అమెరికాలో యానిమల్ సైన్స్ విభాగం వ్యవసాయ కళాశాలలో ఉంటుంది. పశువైద్యం నేర్పే కళాశాల వేరు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ఈ రెండూ ఒకే క్యాంపస్‌లో ఉన్నా కళాశాలలు మాత్రం వేర్వేరు. డిగ్రీ చదువు అయ్యాక మరో నాలుగేళ్లు చదివితే వచ్చే డి.వి.ఎం. పట్టా ఉన్నవాళ్లే అక్కడ పశువైద్యులు. మన బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్. అలాంటిది కాదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లలో వైద్యమూ పశుసంవర్ధనమూ ఒకే మనిషికి నేర్పుతుంది. కాబట్టి యానిమల్ సైన్స్‌లో ఎం.ఎస్. చేసినంత మాత్రాన అక్కడ పశువుకు సూది వేసే హక్కు రాదు. అందుకు విదేశీ పశువైద్య పట్టాను పరీక్షించే ఈ.సి.ఎఫ్.వి.జి. లాంటి నాలుగు దశల ప్రక్రియ దాటాలి, నావ్లీ అనే లైసెన్స్ పరీక్ష రాయాలి, ఆ తర్వాత రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ తీసుకోవాలి. అందుకు డబ్బూ పడుతుంది, కాలమూ పడుతుంది. ఎం.ఎస్.కు వెళ్తే డాక్టర్ ప్రాక్టీసుకు దారి దొరుకుతుందనుకుని అప్పు చేసే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఈ రెండు వ్యవస్థలకూ చుట్టరికం ఉంది. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం రాష్ట్రాల్లో వ్యవసాయ విద్యకు భూములిచ్చింది. 1887 నాటి హాచ్ చట్టం ఆ కళాశాలలకు పరిశోధన కేంద్రాలను జోడించింది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం విస్తరణను, అంటే తేలిన విషయాన్ని రైతు గడప దాకా తీసుకెళ్లే పనిని, అదే గూటికి చేర్చింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే చూరు కింద ఉండాలన్న ఆ ఆలోచనతోనే మన దగ్గర 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి తోడ్పడింది పైన చెప్పిన కాన్సాస్ స్టేటే. 1955 నుంచి ఉన్న తిరుపతి పశువైద్య కళాశాల కూడా చాలాకాలం ఆ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే నడిచింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు పి.వి. నరసింహారావు పేరిట మరొకటి వచ్చింది. మూల నమూనా ఒకటే అయినా ఇప్పుడు అమెరికా వ్యవస్థ, మన వ్యవస్థ చాలా దూరం జరిగాయి.

చదువు సంగతి చూద్దాం. ఇక్కడ ఎం.వి.ఎస్సీ.లో ఏ కోర్సులు చదవాలో దాదాపు ముందే నిర్ణయమై ఉంటుంది. ర్యాంకును బట్టి సీటు, ఆ తర్వాత గైడు. అక్కడ క్రమం తిరగబడుతుంది. ముందు ఒక ప్రొఫెసర్‌కు మీ మీద ఆసక్తి కలగాలి, ఆయన ప్రాజెక్టులో చోటుండాలి. ఆ తర్వాతే చాలా విభాగాల్లో అడ్మిషన్ నిజంగా ఖాయమవుతుంది. కోర్సులు ఆయనతో కూర్చుని ఎంచుకుంటారు. స్టాటిస్టిక్స్ గట్టిగా చెబుతారు. మన విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో ఎక్కువ టెన్షన్ పడేది అక్కడే, అక్కణ్నుంచి తెచ్చుకునే గొప్ప లాభం కూడా అదే. జంతు శరీరం గురించి మాత్రం మనవాళ్లు అక్కడ వెనకబడరు. అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ అన్నీ చదివి, ఈత కష్టమైన గేదెకు చేయి పెట్టి దూడను తీసిన అనుభవంతో వెళ్తారు. యానిమల్ సైన్స్‌లో చేరే అమెరికన్ పిల్లల్లో ఈ రోజుల్లో చాలామంది పట్నాల్లో పెరిగినవాళ్లే. వాళ్ల ల్యాబ్ క్లాసులకు టీచింగ్ అసిస్టెంట్‌గా నిలబడ్డప్పుడు మన బి.వి.ఎస్సీ. విలువ మనకే కొత్తగా తెలుస్తుంది.

పరిశోధనకు వస్తే, వసతుల్లో పోలికే లేదు. పెద్ద విభాగాల్లో కడుపుకు కిటికీ అమర్చిన ఆవులు ఉంటాయి. రుమెన్‌లో, అంటే పశువు మొదటి పొట్టలో, మేత ఎలా జీర్ణమవుతోందో చేయి పెట్టి నమూనా తీసి చూడొచ్చు. ఏ ఆవు ఎంత తిన్నదో విడివిడిగా తూచే ఏర్పాట్లు ఉంటాయి. మన దగ్గర మేత ప్రయోగమంటే చాలాసార్లు గుంపుకు ఆరేసి పశువులు, చేతి తూకం, సమయానికి అందని రసాయనాలు. అంత చిన్న ప్రయోగంలో నిజమైన తేడా ఉన్నా లెక్కల్లో తేలకపోవచ్చు. ఇది విద్యార్థి తప్పు కాదు, డబ్బు లేకపోవడం.

అయితే ఏ పశువు మీద, ఏ మేత మీద అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. అక్కడి పాడి అంటే హోల్‌స్టీన్ ఆవు, మొక్కజొన్న పాతర గడ్డి, అన్నీ కలిపి యంత్రంతో వేసే దాణా. మన దగ్గర పాడి అంటే గ్రేడెడ్ ముర్రా గేదె, వరిగడ్డి, తవుడు, చెక్క. వేసవిలో గేదె ఎదకు వచ్చినా అరవదు, లక్షణాలు బయటికి కనిపించవు. ఈ మూగ ఎద వల్ల చూడి తప్పిపోయి, ఈతకూ ఈతకూ మధ్య నెలలు పెరిగిపోయి నష్టపోయే రైతులు మనకు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ సమస్య మీద రెండేళ్లు పని చేయాలంటే గేదెలున్న చోటే ఉండాలి. గుంటూరు లాంలో ఒంగోలు జాతి, పలమనేరులో పుంగనూరు జాతి పశు పరిశోధన కేంద్రాల్లో ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో యూనివర్సిటీ కోళ్ల పథకం నుంచి రాజశ్రీ, పక్కనే ఉన్న ఐ.సి.ఎ.ఆర్. కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వనరాజా, గ్రామప్రియ పెరటి కోళ్లు వచ్చాయి. పెరట్లో దాణా పెద్దగా లేకుండా బతికే కోడిని తయారు చేయడం కూడా గట్టి శాస్త్రమే. షెడ్డులో పెరిగే బ్రాయిలర్ మీద నేర్చుకున్నది అక్కడ సగమే పనికొస్తుంది.

మినహాయింపు ఉందన్నాను కదా. పశు ప్రజననంలో జన్యు మూల్యాంకనం, అంటే ఏ పశువు జన్యువులు ఎంత మేలైనవో లెక్కగట్టడం, నేర్చుకోవాలనుకునేవాళ్లు నేరుగా అమెరికా వెళ్లడమే మేలు. అక్కడ హోల్‌స్టీన్‌లకు 2009 నుంచే డి.ఎన్.ఎ. ఆధారంగా అధికారిక మూల్యాంకనం జరుగుతోంది. దూడ పుట్టగానే రక్తమో, వెంట్రుకలో తీసి అది ముందు ముందు ఎలా పాలిస్తుందో అంచనా కడుతున్నారు. దాని వెనక దశాబ్దాల పాటు ఒక్కో ఆవు పాలు తూచి రాసిపెట్టిన రికార్డులున్నాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీలో జే లష్ అనే శాస్త్రవేత్త ఈ శాస్త్రానికి పునాది వేసిన రోజుల నుంచీ ఆ సంప్రదాయం నడుస్తోంది. రెండు మూడు పశువులున్న మన రైతు ఇంట్లో ఎవరు తూస్తారు, ఎక్కడ రాస్తారు? పాల కేంద్రానికి చేరేది ఇంటిల్లిపాది పశువుల పాలు కలిసిన క్యాను. లెక్కలు లేని చోట ఆ లెక్కల శాస్త్రం నేర్చుకోవడం కష్టం. దాన్ని అక్కడ నేర్చుకుని వచ్చి, మన గేదెలకు అలాంటి రికార్డులు ఎలా మొదలుపెట్టాలో ఆలోచించేవాళ్లు మనకు చాలా అవసరం.

ఇక నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది విస్తరణ మీద. అమెరికా యానిమల్ సైన్స్ విభాగంలో ప్రొఫెసర్ నియామకం శాతాల్లో ఉంటుంది. ఒకరికి పరిశోధన అరవై, బోధన నలభై అయితే, మరొకరికి విస్తరణే సగానికి పైగా. రైతుల దగ్గరికి వెళ్లడం ఆయన ఉద్యోగంలోనే భాగం, ప్రమోషన్‌లో దానికి లెక్క ఉంటుంది. కౌంటీల్లో, అంటే అక్కడి జిల్లాల్లాంటి చోట్ల, ఉండే విస్తరణ ఏజెంట్లు యూనివర్సిటీ మనుషులే. రైతు అడిగిన ప్రశ్న ఏజెంటు ద్వారా విభాగానికి, జవాబు తిరిగి రైతుకు చేరే దారి తెరిచి ఉంటుంది. మన దగ్గర యూనివర్సిటీకి కృషి విజ్ఞాన కేంద్రాలు, శిక్షణ తరగతులు, ఫోన్ సలహాలు ఉన్నాయి. కానీ ఊళ్లో రోజూ రైతుకు ఎదురయ్యేది పశుసంవర్ధక శాఖ డాక్టరు. ఆయన యూనివర్సిటీ మనిషి కాదు. గాలికుంటు టీకాలు, పొదుగువాపు కేసులు, చూడి పరీక్షలు, పథకాల కాగితాలతోనే ఆయన రోజు గడిచిపోతుంది.

వరిగడ్డికి యూరియా పట్టించే పద్ధతినే తీసుకోండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50-60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి, పశువు ఎక్కువ తింటుంది. ఈ విషయం తేలి దశాబ్దాలైంది. ప్రతి బి.వి.ఎస్సీ. విద్యార్థీ పరీక్షలో రాస్తాడు. మరి ఎన్ని ఇళ్లలో చేస్తున్నారు? నేను తిరిగిన ఊళ్లలో శిక్షణ జరిగిన రోజు తప్ప చేసినవాళ్లు అరుదు. కారణాలు అడిగితే అన్నీ న్యాయంగానే ఉంటాయి. కుప్ప నూర్చాక గడ్డి ఒక్కసారే వామి వేస్తారు, మళ్లీ విప్పి తడపడానికి మనుషులు దొరకరు. టార్పాలిన్ ఖరీదు. అమ్మోనియా ఘాటు. యూరియా నీళ్లు తాగి పక్కూళ్లో పశువు చచ్చిపోయిందన్న భయం. వీటన్నిటికన్నా పెద్ద కారణం, శిక్షణకు పిలిచింది మగవాళ్లను, రోజూ మేత వేసేది ఆడవాళ్లు. ఈ ముడి విప్పడానికి ఏ ల్యాబూ సరిపోదు. అలాంటి ఇంటి పెరట్లో కూర్చుని, గడ్డి ఎప్పుడు వస్తుంది, ఎవరు వేస్తారు, ఎంత తీరిక ఉంది అని గమనించే పరిశోధన కావాలి. అది ఎం.వి.ఎస్సీ. థీసిస్‌కు చక్కటి అంశం, అమెరికాలో కూర్చుని చేయలేనిది.

మన పద్ధతిలో ఒక బలం ఉంది, దాన్ని మనం తక్కువగా చూస్తున్నాం. అమెరికాలో విస్తరణ మనిషి సలహా చెబుతాడు, వైద్యం చేయడు. మన డాక్టరు అర్ధరాత్రి వచ్చి అడ్డం తిరిగిన దూడను తీసి గేదెను బతికించి ఉంటే, మర్నాడు ఆయన ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు కలపమన్నప్పుడు ఆ ఇల్లాలు వింటుంది. నమ్మకం వైద్యం దగ్గర పుడుతుంది, పోషణ సలహా దాని వెంట నడుస్తుంది. వైద్యాన్నీ పశుపోషణనూ ఒకే పట్టాలో ఉంచిన మన ఏర్పాటు రెండు గేదెల ఇంటికి బాగా సరిపోతుంది. అమెరికా నుంచి మనం తెచ్చుకోవలసింది మరొకటి ఉంది. విస్తరణ చేసే అధ్యాపకుడికి ఆ పని జీతంలో, ప్రమోషన్‌లో లెక్కలోకి రావాలి. ఇప్పుడు మన దగ్గర ఊళ్లు తిరిగే అధ్యాపకుడు తన ఇష్టంతో తిరుగుతున్నాడు, పరిశోధన పత్రాలు రాసుకున్నవాడు ముందుకు పోతున్నాడు.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. అసిస్టెంట్‌షిప్ లేకుండా అమెరికాలో యానిమల్ సైన్స్ ఎం.ఎస్.కు వెళ్లకండి. అది ఉంటే వారానికి 20 గంటల పనికి నెలనెలా స్టైపెండ్, ఫీజు మొత్తమో చాలా భాగమో మాఫీ. అది లేకపోతే ఇంటి మీద అప్పు పడుతుంది, చదువు అయ్యాక ఇష్టమైన పని కాక అప్పు తీర్చే పని వెతుక్కోవాల్సి వస్తుంది. ఇక్కడ ఐ.సి.ఎ.ఆర్. ఫెలోషిప్ వస్తే రెండేళ్లు ఇంటి మీద భారం పెద్దగా ఉండదు.

ఉద్యోగాల్లోనూ తేడా ఉంది. పశుసంవర్ధక శాఖలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకు బి.వి.ఎస్సీ. చాలు. వెటర్నరీ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే అడిగేది ఆ విభాగంలో ఎం.వి.ఎస్సీ. విదేశీ ఎం.ఎస్. దానికి సమానమని నిరూపించుకునే తిప్పలు పడాల్సి రావచ్చు. దాణా కంపెనీలు, కోళ్ల కంపెనీలు రెండు పట్టాలనూ గౌరవిస్తాయి. నేను ఎం.వి.ఎస్సీ. తర్వాతే పీహెచ్‌డీకి వెళ్లమనడానికి ఇది కూడా ఒక కారణం. చేతిలో ఇక్కడి పట్టా ఉంటుంది, మన పశువు మీద ఒక ప్రశ్న ఉంటుంది, అక్కడి పీహెచ్‌డీలకు అసిస్టెంట్‌షిప్ దొరికే అవకాశం కూడా ఎక్కువ.

వెళ్లాలనే నిర్ణయించుకున్నవాళ్లు ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లో "రెస్పెక్టెడ్ సర్, యు ఆర్ ఎ గ్రేట్ సైంటిస్ట్" అనే నాలుగు వాక్యాలు తీసేయండి. ఆయన ఈ మధ్య రాసిన పత్రం ఒకటి చదివి, అందులో మీకు అర్థం కాని ఒక విషయం అడగండి. మీ ఇంటర్న్‌షిప్‌లో చూసిన ఒక సమస్యను అంకెలతో రాయండి. జవాబు వస్తే, మీ ప్రాజెక్టుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, మందుల కంపెనీ నుంచా, ప్రభుత్వం నుంచా, తప్పక అడగండి. ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్న విద్యార్థి ఒకరితో కూడా మాట్లాడండి. ఇక్కడ చేరేవాళ్లు గైడును ఎంచుకునే వీలుంటే అడగవలసింది ఒక్కటే: గడిచిన ఏడాదిలో ఆయన ఏయే ఊళ్లకు వెళ్లారు?